ప్రార్థనలో చెప్పిన చాడీలు

శాలువా

పోయిన నెల మా చర్చిలో నర్సింగు చదువుతున్న ఆడపిల్లలకని ఒక కూడిక పెట్టారు. జీవితమంతా ఆసుపత్రిలో పనిచేసినదాన్ని కదా అని నన్ను పిలిచి శాలువా కప్పారు. ‘సేవలో పరిశుద్ధమైన ఉద్దేశం’ అని అంశం ఇచ్చి కాసేపు మాట్లాడమన్నారు. మాట్లాడాను, బాగానే మాట్లాడాను. మనుషుల మెప్పు ఆశించకండి, ప్రభువు కోసం చేయండి అన్నాను. రోగి పాదం ముట్టుకుంటే ప్రభువు పాదం ముట్టుకున్నట్టే అనుకోండి అన్నాను. ముందు వరుసలో ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అది చూసి ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్పాను.

ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే మనసు నిలవలేదు. మంచినీళ్ళు తాగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచి వాకిట్లోకి వెళ్ళొచ్చాను. మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ముఖం చూసి ఎవరు ఏ స్టాపులో దిగుతారో చెప్పగలనంటాడు.

“శాలువా కప్పినారు కదా, మొగమేంది అట్ల పెట్టుకోనుండావు?” అన్నాడు.

“రత్నమ్మ సంగతి చెప్పలేదు.”

“చెప్పింటే శాలువా ఎనక్కి ఇయ్యమంటారని భయపడినావా?”

ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం సూటిగా తగిలింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ సాయంత్రం నా నోట విన్న పిల్లలు సగమే విన్నారు. మిగతా సగం ఏమిటంటే, నేను ఒక ప్రార్థన చేసి ఒక ముసలామె పాదం పోగొట్టబోయాను. అదెలా జరిగిందో చెప్పకుండా ఉద్దేశాల గురించి ఉపన్యాసాలిస్తూ తిరిగితే నాకు నిద్ర పట్టదు.

కళ్ళు మూసుకుని తిట్టడం

మా ఆసుపత్రి పావగడ నుంచి నాగలమడిక పోయే దారిలో ఉండేది. సంఘంవాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రి. వచ్చేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, గొర్రెలు మేపేవాళ్ళు. నర్సు పనంటే సూదులు, మందులు అనుకుని చేరతారు పిల్లలు. నా పని చాలాకాలం పుండ్లు కడగడమే. పార తగిలిన కాళ్ళు, మిషన్లో నలిగిన వేళ్ళు, కంపముల్లు దిగి చీము పట్టిన పాదాలు.

వాసనకు ముక్కు తొందరగానే అలవాటు పడుతుంది. అలవాటు పడనిది ఇంకొకటి ఉంది. కట్టు విప్పుతుంటే రోగి మన ముఖంలోకి చూస్తాడు. మనం ముఖం చిట్లిస్తామేమోనని చూస్తాడు. చిట్లించకపోతే “నువ్వు దేవతవమ్మా” అంటాడు. ఆ మాట రుచి మరిగితే మానడం కష్టం. ఇది నర్సింగు స్కూల్లో ఎవరూ చెప్పరు గాని, మా వృత్తిలో అంటుకునే జబ్బుల్లో ఇది మొదటిది.

పొద్దున్నే వార్డు ప్రార్థన నర్సులే చేయాలి. నాకు గొంతు ఉంది, మాటలు ఉన్నాయి, ఎవరి వంతు తప్పినా నన్నే పిలిచేవాళ్ళు. ఒకసారి మంగళవాడ నుంచి నరసింహప్ప అనే ఆయన కాలి పుండుతో చేరాడు. బీడీలు తాగితే పుండు మానదని డాక్టరుగారు చెప్పినా వినడు. స్నానాల గది వెనక నక్కి తాగేవాడు. అడిగితే “ఊరికే చేతిలో పట్టుకోనుంటి సిస్టరమ్మా, అంటించుకోలే” అనేవాడు.

ఒక పొద్దున ప్రార్థనలో, కళ్ళు మూసుకుని, మంచి రాగంతో, “ప్రభువా, ఈ వార్డులో చాటుగా బీడీ తాగి అబద్ధమాడుతున్న నీ బిడ్డ నరసింహప్పను క్షమించు” అన్నాను. వార్డంతా కిసుక్కుమంది. పక్క మంచం ఆయన అందరికంటే గట్టిగా ‘ఆమెన్’ అన్నాడు. నరసింహప్ప దుప్పటి ముసుగేసుకున్నాడు.

నాకు అది మహా తెలివైన పనిగా తోచింది. ప్రార్థనకు ఎవరూ ఎదురు చెప్పరు కదా. మన సంఘాల్లో ఇది కొత్త విద్య కూడా కాదు. అత్తను అనలేని కోడలు ప్రార్థనలో అంటుంది, సంఘ పెద్దలను అనలేని పాస్టరు ప్రార్థనలో అంటాడు. కళ్ళు మూసుకున్నాం కాబట్టి ఎవరినీ ఏమీ అనలేదనే లెక్క.

మా మేట్రన్ ఎస్తేరమ్మగారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. గొంతు పెంచేవారు కాదు. ఆ రోజు నన్ను తన గదిలోకి పిలిచారు.

“పొద్దున నువ్వు ఎవరితో మాట్లాడావమ్మా దయామణీ?”

“ప్రభువుతోనండి.”

“ఆ నరసింహప్ప బీడీలు తాగుతున్నాడని ఆయనకి తెలీదా? నువ్వు చెబితే గాని తెలిసింది కాదా?”

నేను నేల చూశాను.

“నరసింహప్పతో మాట్లాడాలనుకుంటే మంచం దగ్గరికెళ్ళి కళ్ళు తెరుచుకుని మాట్లాడు. అతను తిరిగి నిన్ను నాలుగు మాటలంటాడు, పడు. ఆ నాలుగు మాటలు పడటం ఇష్టంలేక దేవుణ్ణి అడ్డం పెట్టుకోకు.”

ఏడ్చుకుంటూ బయటికొచ్చాను. మర్నాడు నరసింహప్ప మంచం దగ్గరికి వెళ్ళి కళ్ళు తెరుచుకునే మాట్లాడాను. ఆయన బాగానే దులిపాడు. చివరకు ఒక బీడీ కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకో కట్ట దిండు కింద ఉన్న సంగతి పక్క మంచం ఆయన తర్వాత చెప్పాడు.

పాఠం నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకున్నదల్లా పేరు పెట్టి ప్రార్థించకూడదని. మేట్రన్‌గారు చెప్పింది అంత చిన్న సంగతి కాదని తెలియడానికి నాకు తల నెరవాల్సి వచ్చింది.

దుప్పట్లు

పెద్ద డాక్టరుగారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. చెయ్యి మంచిది, నోరు కటువు. చలికాలంలో రోగులకని ఎక్కడి నుంచో దుప్పట్లు వచ్చేవి. వచ్చిన వెంటనే పంచనిచ్చేవారు కాదు. ఫోటోలు తీసే మనిషి ఊళ్ళో నుంచి రావాలి, పంచుతుంటే తీయాలి, ఆ ఫోటోలు పంపినవాళ్ళకు పోవాలి. ఒక ఏడు ఆ ఫోటోల మనిషి రావడం ఆలస్యమైంది. రోగులు వణుకుతున్నారు, దుప్పట్లేమో స్టోరులో కట్టల్లో ఉన్నాయి.

నేను ఉగ్రంగా మేట్రన్‌గారి దగ్గరికి పోయాను. ఇలాంటి ఉద్దేశంతో చేసే సేవ దేవుడికి చెందదు, పేరు కోసం చేసేది సేవే కాదు అని గొంతు చించుకున్నాను. ఆమె అంతా విని, స్టోరు తాళం తీసి నా చేతిలో పెట్టారు.

“ముందు కప్పిరా. ఆయన ఉద్దేశం ఆయన చూసుకుంటారు, నీ ఉద్దేశం నువ్వు చూసుకో. ఆ రెండూ తేలేదాకా రోగులు చలిలో ఉండక్కర్లేదు.”

కప్పాం. డాక్టరుగారు కేకలేశారు. తర్వాత ఫోటోల మనిషి వచ్చినప్పుడు అవే దుప్పట్లు మడతపెట్టించి, మళ్ళీ ఇస్తున్నట్టు తీయించుకున్నారు. రోగులకు అదొక వినోదమైంది, తలలు దువ్వుకుని మరీ దిగారు.

ఆయన్ని నేను చాలా ఏళ్ళు తప్పుపట్టాను. ఇప్పుడు అంత ధైర్యంగా పట్టలేను. ఆయన తన గొప్పకు కెమెరా పిలిపించుకునేవారు, అది అందరికీ కనిపించేది. నాకు ఆ ఖర్చు కూడా లేకుండా, రోగి చూపే సరిపోయేది.

సంచిలో డబ్బా

మేట్రన్‌గారు రిటైరైనప్పుడు తన స్టీలు డబ్బా నాకిచ్చి వెళ్ళారు. కత్తెర, పట్టకారు, పుండు మీద పరిచే గాజ్ గుడ్డ, దూది, బ్యాండేజి చుట్టలు, అన్నీ పట్టే డబ్బా. కట్టు కట్టే సామానంతా అందులోనే. నేను రిటైరయ్యేనాటికి మా ఆసుపత్రి చిక్కిపోయి, వారంలో కొన్ని రోజులు తెరిచే క్లినిక్‌గా మారింది. డబ్బా మాత్రం నాతో ఇంటికొచ్చింది.

అప్పటికి క్యాతగానచెర్లు వైపు చేలన్నీ సోలార్ పలకల కిందికి పోయాయి. ఆ ఊళ్ళో లక్ష్మీదేవమ్మ అని నా పాత రోగి ఉంది. భూమి సోలార్‌వాళ్ళకు కౌలుకిచ్చేశారు. కొడుకు బెంగళూరులో లారీ నడుపుతాడు. కోడలు రత్నమ్మ సోలార్‌లోనే కూలికి పోతుంది, పలకలు కడగడం, వాటి మధ్య గడ్డి కోయడం. లక్ష్మీదేవమ్మకు చేయడానికి పనిలేదు. సాయంత్రం పూట కంచె దాకా నడిచి తన వేరుశనగ చేను ఉన్న దిక్కు చూసి వచ్చేది. “చెనక్కాయ ఏసే చేను సిస్టరమ్మా, ఇప్పుడు చూస్తే నా మొగమే కనపడతాది” అనేది. ఆమెకు షుగరు. పాదాలు మొద్దుబారాయి. కంచె దగ్గర కంపముల్లు అరిగిన చెప్పులోంచి దిగితే తెలియలేదు, ఇంట్లో బండల మీద నెత్తురు మరకలు చూసి కోడలే కనుక్కుంది.

“నాకు సిస్టరమ్మ చెయ్యే కావల్ల” అని పట్టుబట్టిందట. కొడుకు ఫోన్ చేశాడు. రిటైరై ఇంట్లో కూర్చుని, ఎవరికీ అక్కర్లేనిదాన్నయ్యానని కుమిలిపోతున్న రోజులవి. ఆ ఫోన్ రాగానే నా నడుము నొప్పి ఎగిరిపోయింది. వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళేదాన్ని. “నీకు జబ్బుమనుషులు లేకుంటే నీకే జబ్బు చేస్తాది” అని మా ఆయన నవ్వేవాడు.

ఆ పుండుకు కట్టు రోజూ మార్చాలి. నేను లేని రోజుల్లో రత్నమ్మ మార్చాలని చెప్పాను. ఎలాగో చూపించానని అనుకున్నాను. నిజానికి నేను చేస్తుంటే ఆమె నిలబడి చూసింది, అంతే. ఒక్కసారైనా ఆమె చేత చేయించలేదు. కాసిని గుడ్డ ముక్కలు తీసి గూట్లో పెట్టి, డబ్బా మూత బిగించి నా సంచిలో వేసుకుని వచ్చేసేదాన్ని.

“ఆ డబ్బా ఆడనే పెట్టి రాకూడదా? బస్సులో మోసుకోని తిరిగేదెందుకు?” అని మా ఆయన ఒకసారి అడిగాడు.

“దుమ్ము పడతాది. వాళ్ళకి శుభ్రం తెలీదు” అన్నాను. రత్నమ్మ వంటిల్లు నా వంటింటికంటే శుభ్రంగా ఉంటుందని ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు.

ఆ రోజు చేసిన ప్రార్థన

కట్టు విప్పే ముందు ప్రార్థన చేయడం ఆసుపత్రి నుంచి నాకు వచ్చిన అలవాటు. లక్ష్మీదేవమ్మ వాళ్ళు హిందువులు, గోడనిండా వాళ్ళ దేవుళ్ళ పటాలే. అయినా ఏమీ అనుకునేవాళ్ళు కాదు. “చేసుకోమ్మా, యే సామైతేనేమి, మానితే సాలు” అని ఆమె కూడా చేతులు జోడించేది. నేను వచ్చానంటే పక్కింటి ఆడవాళ్ళు అరుగు మీదికి చేరేవాళ్ళు. కట్టు చూడటానికో, ప్రార్థన వినడానికో, వాళ్ళకే తెలియాలి. వాళ్ళు చేరేదాకా నేను సంచి విప్పకుండా మంచినీళ్ళు తాగుతూ కూర్చునేదాన్ని. ఎందుకు కూర్చునేదాన్నో నాకు తెలుసు.

ఒక రోజు వెళ్ళేసరికి కాలికి నేను కిందటిసారి కట్టిన కట్టే ఉంది. మాసిపోయింది, అంచులు తడిసి అట్టకట్టాయి. నాకు కడుపు మండింది. రత్నమ్మ పనికి పోయే తొందరలో ఉండి, నా కోసం బేసిన్‌లో వేడినీళ్ళు తెస్తోంది. అరుగు నిండా జనం. నేను కళ్ళు మూసుకున్నాను.

“ప్రభువా, పరమ వైద్యుడా, ఈ తల్లి పాదాన్ని నీ చేతితో ముట్టు. ఈ ఇంట్లో ఉన్న మనసులను మెత్తబరచు. కూలికి పరుగెత్తే హడావుడిలో కన్నతల్లిలాంటి అత్తకు కట్టు మార్చడం మరిచిపోయే చేతులకు జ్ఞాపకం పుట్టించు తండ్రీ.”

పేరు పెట్టలేదు చూశారా. పాఠం నేర్చుకున్నాను కదా.

కళ్ళు తెరిచేసరికి బేసిన్ నేల మీద ఉంది, రత్నమ్మ లేదు. అరుగు మీద ఎవరో నాలుక చప్పరించారు. “చూడమ్మా, పరాయామెకుండే ఇది కోడలికి లేకపాయ” అంది ఒకామె. నాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో చెప్పాలంటే ఇప్పుడు కూడా ముఖం చెల్లడం లేదు. కట్టు విప్పి, మామూలుకంటే మెల్లగా, అందరికీ కనిపించేలా కడిగాను.

ఆ తర్వాత నేను వెళ్ళే వేళకు రత్నమ్మ ఇంట్లో ఉండేది కాదు. కట్టు మాత్రం ఎప్పుడు చూసినా నాదే ఉండేది. మధ్య రోజుల్లో ఎవరూ ముట్టడం లేదు. రత్నమ్మ కోసం ఆగి మాట్లాడి ఉండవచ్చు. ఆగలేదు. “ఏం చేస్తాం, ఎవరి మనసు వాళ్ళది” అని అరుగు మీదివాళ్ళతో నిట్టూర్చి బస్సెక్కేదాన్ని.

వేలు

అంతలో నాకు జ్వరం వచ్చింది. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయాను. ఇంకా లేవకముందే లక్ష్మీదేవమ్మ కొడుకు ఫోన్ చేశాడు.

“సిస్టరమ్మా, నేను నిన్ననే ఊరికొచ్చినా. అమ్మ కాలు వాసనొస్తా ఉండాది.”

మా ఆయన ఆటో పిలిచాడు. వెళ్ళి కట్టు విప్పితే చిటికెన వేలు నల్లగా ఉంది. పాదం మీదికి ఎరుపు పాకింది. ఉన్నపళంగా జీపు మాట్లాడి అనంతపురం తీసుకుపోయాం. అక్కడి సర్జను కుర్రవాడు, నా కొడుకు వయసు ఉంటుంది. వేలు తీసేయాలన్నాడు. ఇంకొంచెం ఆగి ఉంటే పాదమే తీయాల్సి వచ్చేదన్నాడు.

“రోజూ కట్టు ఎవరు మారుస్తున్నారు?” అని అడిగాడు.

“మా సిస్టరమ్మ” అంది లక్ష్మీదేవమ్మ, గర్వంగా.

ఆయన నా వైపు తిరిగి, “రోజూనా అమ్మా?” అన్నాడు.

నేను లేదన్నాను. అంతకుమించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రత్నమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. నా వైపు చూడనైనా చూడలేదు. వేలు తీసేటప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. నా జీవితంలో ప్రార్థనకు మాటలు దొరక్కపోవడం అదే మొదటిసారి.

కంచె దగ్గర

లక్ష్మీదేవమ్మ ఇంటికొచ్చింది. వేలు తీసిన చోట ఇప్పుడు రోజూ కట్టు మార్చాలి, ఒక్క రోజు తప్పినా కుదరదు. కీళ్ళ నొప్పులతో నేను రోజూ పోలేను. రత్నమ్మ ముట్టనంటోంది. కొడుకు లారీ ఎక్కాలి. ఆ పాదం ఇంకా దక్కలేదు, చెయ్యి జారిపోయే స్థితిలోనే ఉంది.

నేను సోలార్ గేటు దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం ముద్ద తినే వేళ, ఆడవాళ్ళు సెక్యూరిటీ షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. పలకలు కడిగిన నీళ్ళతో రత్నమ్మ చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి.

“రత్నమ్మా, నీతో మాట్లాడల్ల.”

“ఈడెందుకు సిస్టరమ్మా? ఇంటికాడ కండ్లు మూసుకోని చెప్పు, ఇంటాను.”

పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. నరసింహప్ప వార్డులో విన్న నవ్వే అది, కాకపోతే ఈసారి దుప్పటి ముసుగు కావాల్సింది నాకు.

“ఆ పొద్దు నిన్ను అట్ల అనింది నాది తప్పు” అన్నాను.

“నన్ను యాడన్నావు? మీ దేవునికి కదా చెప్పినావు, నా మీద చాడీలు. నువ్వు నన్ను అనింటే నేనూ నిన్ను అనుందును. ఆయప్పని నేను యెరగను. నేను యెట్ల జవాబు చెప్పుకోవల్ల ఆయప్పకి? ఊరంతా కూసోని ఇనె.”

నేను నిలబడే ఉన్నాను. ఎండకు నెత్తి మాడుతోంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“మర్చిపోయినానంట! ఎవరు చెప్పినారు నీకు మర్చిపోయినానని? నువ్వు గూట్లో పెట్టిపోయిన గుడ్డలు అయిపాయ. పాత చీర చించి కట్టొద్దని నువ్వే చెప్పినావు. నేను పావగడకి పోయి తెస్తానంటే మా అత్త వద్దనె, సిస్టరమ్మ వచ్చును లే, ఆయమ్మ గుడ్డే మంచిది అనె. నీ డబ్బా నీ సంచిలో ఉండె. నేను యాడ తెచ్చేది, ఏమి కట్టేది?”

ఉద్దేశం గురించి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ గేటు దగ్గర విన్న ఆ మాట ఒక ఎత్తు. డబ్బా ఎందుకు వదిలిపెట్టి రాలేదో ఆ క్షణం నాకు తేటగా తెలిసిపోయింది. వదిలేస్తే నేను అక్కర్లేదు. కట్టు మాసి ఉంటేనే నా చెయ్యి గొప్ప. లక్ష్మీదేవమ్మ పాదం మానాలని దేవుణ్ణి అడుగుతూనే, నేను లేకుండా మానకూడదని మనసులో ఇంకో ప్రార్థన నడుపుతూ వచ్చాను.

రత్నమ్మ ఇంకా అన్నది. వరుసగా అన్నది. మేట్రన్‌గారు పడమన్న నాలుగు మాటలు ఇన్నేళ్ళకు మళ్ళీ పడ్డాను. అయిపోయాక సంచిలోంచి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను.

“ఇది నీకాడ్నే పెట్టుకో. సాయంత్రం ఇంటికొస్తా, ఈసారి నువ్వు కట్టు, నేను చూస్తా. మా దేవుని పేరు మీద ఒట్టు, నోరు తెరవను.”

ఆమె డబ్బా ముట్టలేదు. “చేతులు తడిగా ఉండాయి” అంది. తర్వాత తన అన్నం సంచి వైపు గడ్డంతో చూపించింది. “అందులో పెట్టు.”

ఇప్పుడు

ఆ సాయంత్రం నుంచి రత్నమ్మే కట్టింది. మొదట్లో గుడ్డ వదులుగా చుట్టేది, నా వేళ్ళు లాక్కోవడానికి ఆరాటపడేవి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఏమైనా చెప్పాలంటే ఆమెకే చెప్పాను. ఆమె తిరిగి ఒకటి అనేది. ఇద్దరం అలా గొణుక్కుంటూ ఉండగానే పుండులో ఎర్రటి కొత్త కండ పట్టింది, పూడింది, చెనక్కాయ గింజంత మిగిలింది.

ఒక రోజు వెళ్ళేసరికి అరుగు మీద మళ్ళీ అందరూ ఉన్నారు. లక్ష్మీదేవమ్మ కాలు చాపి చూపిస్తూ, “మా రత్నమ్మ చెయ్యి పడినాకనే మానింది” అంటోంది. సంతోషించాల్సిన మాట. నేను ప్రార్థనలో అడిగింది అదే కదా. అయినా నాలో ఏదో చురుక్కుమంది. కుళ్ళు. ఇంకో పేరు పెట్టి దాన్ని మంచిచేయలేను.

“ప్రార్థన చేయి సిస్టరమ్మా, నీ సామికి చెప్పు మానిందని” అంది ముసలామె. నేను కళ్ళు మూసుకుని మనసులోనే చేసుకున్నాను. కళ్ళు తెరిస్తే రత్నమ్మ నన్నే చూస్తోంది.

“ఏంది, ఈసారి నా మీద ఏం చెప్పినావు?”

“నా మీదే చెప్పుకున్నా.”

“ఏమని?”

“నీ చేతికి మానిందని నాకు కుళ్ళుగా ఉండాదని.”

ఆమె పకపకా నవ్వింది. “అదంతా దేవునికి చెప్తారా?” అంటూ లోపలికి పోయి, తోమి తుడిచిన స్టీలు డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “తీసుకుపో సిస్టరమ్మా, ఇంక పనిలేదు దీంతో.”

“ఉండనీలే, మళ్ళా అవసరం పడొచ్చు” అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఏమి కోరుకున్నాను నేను?

“పడకుండా ఉండల్ల అనుకో తల్లీ!” అంది రత్నమ్మ. డబ్బా తీసుకుని బస్సెక్కాను.

నర్సింగులోకి వస్తున్న పిల్లలూ, నా గుండె శుద్ధి అయిందని మీతో చెప్పలేను. ఉద్దేశం కోసం గుండెలో వెతికితే అది ఎప్పుడూ మంచి బట్టలు వేసుకునే కనిపిస్తుంది. మీ సంచిలో చూసుకోండి. ఇంటివాళ్ళకు ఇవ్వకుండా ఏమి తెచ్చేసుకుంటున్నారో చూసుకోండి. ప్రార్థనలో ఎవరి గురించి చెబుతున్నారో ఆ మనిషి ఎదురుగా అది చెప్పగలరేమో చూసుకోండి. అన్నీ సరిపోయాయని తేలేదాకా మాత్రం కట్టు కట్టడం ఆపకండి, పుండు మీ కోసం ఆగదు.

ఇది రాస్తుంటే డబ్బా బల్ల మీదే ఉంది. మీలో ఒకరికి ఇవ్వాలని తెచ్చినప్పటి నుంచి అనుకుంటున్నాను. ఇస్తే “దయామణి సిస్టర్‌ది” అని చెప్పుకుంటారని లోపల ఒక ఆశ. ఆ ఆశ చచ్చాక ఇద్దామని ఇన్నాళ్ళు ఆగాను. అది చచ్చేలా లేదు. రేపు ఆదివారం చర్చికి తెస్తున్నాను, ఎవరు ముందొస్తే వాళ్ళు తీసుకోండి. నా పేరు చెప్పుకోకపోయినా ఫరవాలేదు అని రాయబోయి ఆగాను. ఫరవా ఉంది. అయినా తీసుకుపోండి.